ఫ్రాన్సిస్ గాల్టన్

ఫ్రాన్సిస్ గాల్టన్ 1822 ఫిబ్రవరి 16న ఇంగ్లండులోని బర్మింగ్‌హాం సమీపంలో జన్మించాడు. ఎరాస్మస్ డార్విన్ ఇతనికి మాతామహుడు. చార్లెస్ డార్విన్‌కు పితామహుడు. తండ్రి మరణించాక గాల్టన్ వైద్యవిద్య మాని, సంక్రమించిన ఆస్తితో ఆఫ్రికాలో పర్యటించాడు. కంటబడిన ప్రతిదానినీ కొలిచి లెక్క వ్రాయడం అతనికి అలవాటు.

తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎంతవరకు వస్తాయి? దీనిని తెలుసుకోవడానికి గాల్టన్ 1875లో స్వీట్ పీ అనే పూలమొక్క గింజలను పరిమాణాన్నిబట్టి ఏడు తరగతులుగా వేరుచేసి, మిత్రులచేత నాటించాడు. పెద్ద గింజలనుండి పండినవి సగటున పెద్దవే, కాని తల్లి గింజలంత పెద్దవి కావు. చిన్నవాటి సంతతి అంత చిన్నవీ కావు.

తరువాత 205 జంటల ఎత్తులను, ఎదిగిన వారి సంతానం 928 మంది ఎత్తులను సేకరించి 1886లో ప్రకటించాడు. స్త్రీల ఎత్తును 1.08తో హెచ్చవేసి పురుషుల ఎత్తుతో పోల్చాడు. తల్లిదండ్రుల ఎత్తు జనసామాన్యపు సగటుకన్న 3 అంగుళాలు ఎక్కువైతే, పిల్లల ఎత్తు సగటున 2 అంగుళాలే ఎక్కువ. దీనినే ప్రతిగమనం అంటారు.

అలాగైతే కొన్ని తరాలకు అందరూ ఒకే ఎత్తుకు రావాలి కదా? రాలేదు. గాల్టన్ అదే పట్టికను తిరగేసి చూశాడు. సగటుకన్న 3 అంగుళాలు పొడవైన పిల్లల తల్లిదండ్రులు సగటున 1 అంగుళమే ఎక్కువ. పిల్లలు తల్లిదండ్రుల ఎత్తును తగ్గించలేరు! కనుక ప్రతిగమనం మనుషులను లాగే శక్తి కాదు. రెండు కొలతల సంబంధం అసంపూర్ణమైనచోటల్లా అది కనబడుతుంది. పెద్దలనుబట్టి పిల్లల ఎత్తును అంచనావేసే రేఖ వేరు, పిల్లలనుబట్టి పెద్దల ఎత్తును అంచనావేసే రేఖ వేరు.

ఎటునుండి చూసినా మారని సంఖ్య ఒకటి కావాలి. 1888లో అతడు దానిని కనుగొన్నాడు. అదే సహసంబంధం. మనిషి ఎత్తుకు, మనం మూర అనే పొడవుకు అది 0.8 అని తేల్చాడు. కార్ల్ పియర్సన్ 1896లో దీని గణితాన్ని పటిష్ఠం చేశాడు.

ఇంత ఓపికగా కొలిచినవాడు ఒకచోట తొందరపడ్డాడు. ప్రముఖుల బంధువులలో ప్రముఖులు ఎక్కువగా ఉన్నారు గనుక ప్రతిభ పుట్టుకతోనే వస్తుందని 1869లోనే గ్రంథం వ్రాశాడు. ఆ ఇళ్ళలో ధనం, చదువు, పలుకుబడి కూడా తరతరాలుగా వస్తున్నవే. వాటికి తగిన విలువ ఇవ్వలేదు. 1883లో, మేలైన వంశాలను పెంచాలనే వాదానికి యూజెనిక్స్ అని పేరుపెట్టాడు. ఆ వాదాన్ని పట్టుకొని అమెరికా రాష్ట్రాలు 1907నుండి, జర్మనీ 1933లో చట్టాలు చేశాయి. జర్మనీలోనే లక్షలాదిమందికి సంతానం కలుగకుండా బలవంతపు శస్త్రచికిత్సలు జరిగాయి.

గాల్టన్ 1911 జనవరి 17న మరణించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ తన ఉపన్యాస మందిరానికి ఉన్న అతని పేరును 2020లో తొలగించింది.