అచ్చుకూటమును అమ్ముకొనిన బాల్జాక్

మన గ్రంథాలయపు బీరువాలలోని ప్రతి పుస్తకమును ఏదో యొక అచ్చుకూటమునుండి వెలువడినదే. పొలము నమ్ముకొన్నవాని బాధను, ఎద్దుల నమ్ముకొన్నవాని బాధను మనమెఱుగుదుము. అచ్చుయంత్రముల నమ్ముకొన్నవాని బాధ యెట్టిదో తెలియగోరువారు ఫ్రెంచి నవలాకారుడగు ఒనోరే ద బాల్జాక్ చరిత్రము నెఱుగవలెను.

బాల్జాక్ 1799 మే 20వ తేదీన ఫ్రాన్సు దేశమందలి టూర్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు ఆయనకు న్యాయశాస్త్రము చెప్పించి, దస్తావేజులు వ్రాయు కచేరిలో ప్రవేశపెట్టిరి. ఆ వృత్తి రుచింపక ఆయన గ్రంథరచనకు పూనుకొనెను. మారుపేర్లతో వ్రాసిన తొలి నవలలవలన కీర్తియు రాలేదు, ధనమును రాలేదు. 1825లో మొలియేర్, లాఫోంతేన్ మహాకవుల రచనలను ప్రకటించు వ్యాపారమున చేరి నష్టపడెను. అచ్చొత్తువాడును తానే యైనచో లాభము తనకే దక్కునని అంతట తలపోసెను.

1826లో పారిస్ నగరమున ఇఱుకు వీథిలోని యొక అచ్చుకూటమును కొనెను. ఆనాడు ప్రభుత్వపు అనుమతిపత్రము లేనిదే ఎవరును అచ్చుపని చేయరాదు, దానినిగూడ సంపాదించెను. ధనము కొంత ఇంటివారును, కొంత ఆయన స్నేహితురాలగు మదాం ద బెర్నీయు సమకూర్చిరి. పనిలో ఆరితేరిన బార్బియే భాగస్థు డయ్యెను. మాత్రల ప్రకటనపత్రము మొదలు గ్రంథములవఱకు అచ్చట ముద్రితమయ్యెను. పనియున్నను రొక్కము చేతికి రాదయ్యెను. పని చేయించుకొన్నవారు గడువు హుండీల నిత్తురు. కూలివారికిని, కాగితపు వర్తకులకును మాత్రము వేళకు సొమ్ము చెల్లింపవలయును. ఉన్న అప్పు తీరకమునుపే 1827లో అక్షరములు పోతపోయు కర్మశాలనుగూడ కొనెను. దానితో భారము ఇనుమడించెను.

1828లో సర్వమును వదలుకొనవలసివచ్చెను. అచ్చుకూటము బార్బియేకును, పోతశాల మదాం ద బెర్నీ కుమారుడగు అలెగ్జాండ్ర్‌కును పోయెను. బాల్జాక్‌కు మిగిలినది సుమారు 60 వేల ఫ్రాంకుల ఋణము. కుమారుడు దివాలా తీసెనన్న అపకీర్తి రాకుండుటకై తల్లి తన సొమ్మును ధారపోసెను. కనుక ఆ ఋణములో పెద్దభాగము ఆమెదే. విశేషమేమనగా, ఆ పోతశాలయే అలెగ్జాండ్ర్ చేతిలో వృద్ధిజెంది ఫ్రాన్సున ప్రసిద్ధి గాంచెను. వస్తువు చెడ్డది కాదు. జమకు మించి ఖర్చు పెట్టుటయే చేటు తెచ్చెను.

మరుసటి యేడు, 1829లో, స్వనామముతో తొలి నవలను ప్రకటించెను. అటుపిమ్మట కాఫీ త్రాగుచు రాత్రులెల్ల మేల్కొని, నవలలు, కథలు కలిపి సుమారు 90 రచించెను. ‘భగ్నమైన ఆశలు’ అని అర్థమిచ్చు పేరుగల నవలను 1837 మొదలు 1843 వఱకు మూడు భాగములుగా వెలువరించెను. అందు సెషార్ అను ముసలి ముద్రాపకుడు కలడు. ఇనుప యంత్రములు వచ్చుచున్న కాలమున, తోలుబంతులతో సిరా అద్దెడి తన పాత కొయ్యయంత్రములను కన్నకొడుకునకే అధికమైన వెల కట్టి అంటగట్టును. అవి వంటచెఱకునకు తప్ప కొఱగావని యెఱిగియు, కొడుకు తండ్రితో బేరమాడజాలక ఒప్పుకొనును. ఆ ఋణమే అతని సంసారమునకు తొలి గుదిబండ యగును. ఎంత సిరా పట్టునో, ఏ కొయ్య ఎప్పుడు అరుగునో అంత నిక్కముగా వ్రాయుట అచ్చుకూటము నడపి చెడిన బాల్జాక్‌కే సాధ్యమయ్యెను.

అచ్చుపని తెలిసియు ఆయన తన గ్రంథముల చిత్తుప్రతులను పదేపదే దిద్ది, ఆ దిద్దుబాటు ఖర్చులు తన నెత్తికే తెచ్చుకొనెడివాడు. 1850 ఆగస్టు 18వ తేదీన మరణించునాటికిని తల్లి ఋణము తీరలేదు. ఆ తల్లి కుమారుని మరణమునుగూడ చూచి, 1854 వఱకు జీవించెను.

చదువరులారా! ఆయన నవల నెపుడైన చేత బట్టినచో రచయితను స్మరించునపుడు, ఆ సొమ్మిచ్చిన తల్లినిగూడ స్మరింపుడు.