ఫిడేలు నాయుడుగారి చరిత్రము – కళాకారుల సంరక్షణము



వశిష్ఠా గోదావరి కడలిని చేరబోవు తీరమున, కొబ్బరితోటల నడుమ నున్న ఈ దిండి గ్రామమున మన వార్షిక మహాసభ జరుగుచున్న శుభసమయమున, ఈ సంచికకై యొక మహనీయుని చరిత్రము వ్రాయబూనితిని. మన కోనసీమలో పెండ్లియైనను, అంతర్వేది స్వామి కల్యాణమైనను, సభయైనను సన్నాయి లేనిదే మొదలు కాదు. రాత్రికి హరికథయో, బుర్రకథయో, నాటకమో లేకున్న ఉత్సవము వెలితిగా దోచును. ఆ సన్నాయి యూదినవాడు, ఆ కథ చెప్పినవాడు జబ్బుపడి మంచమెక్కిననాడు వాని యింట పొయ్యి యెట్లు రాజునో విచారించువారు మాత్రము మనలో తక్కువ. విద్వాంసునకు శాలువ కప్పుటకు పదుగురు ముందుకు వత్తురు. మందు లిప్పించుటకు ఒక్కడైనను కానరాడు. ఈ విషయమున మనకు దారి చూపగల చరిత్రము కీర్తిశేషులు ద్వారం వేంకటస్వామినాయుడుగారిది.

జననము, బాల్యము

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరు నగరమున జన్మించిరి. తండ్రిగారు సైన్యమున ఉద్యోగము చేసి, విరమించిన పిదప విశాఖపట్టణమున స్థిరపడిరి. బాలునకు చిన్ననాటనే చూపు మందగించినది. పలకమీది యక్షరము కానని పిల్లవానికి బడి చదువు సాగుట యెట్లు? నడుమనే అది నిలిచిపోయెను.

ఆ దినములలో చూపు చాలని పిల్లవాని బ్రదుకు ఏమగునో పెద్దలెరుగుదురు. చదువు లేదు, చదువు లేనిదే కొలువు లేదు. బంధువుల యింట నొక మూల కూర్చుండి పెట్టినది తినుటయే మిగులును. నాయుడుగారి కట్టి గతి పట్టకుండ కాచినవారు అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు. ఆయన తమ్ముని చేతికి ఫిడేలిచ్చి, తానే గురువై స్వరములు నేర్పిరి. కన్ను చేయలేని పని చెవియు వ్రేళ్లును చేయసాగెను. నాయుడుగారికి లభించిన మొదటి పోషకుడు రాజు కాదు, జమీందారు కాదు; ఇంటిలోని అన్న. ఈ సంగతి మనము మరువరాదు.

ఆనాటి విద్వాంసుల స్థితి

నాయుడుగారు విద్య నేర్చు కాలమున తెలుగుదేశపు సంగీత విద్వాంసులకు ఆధారము సంస్థానములు. దసరాకో, పెండ్లికో కచేరి చేసిన సంభావన యిచ్చుచుండిరి. పెద్ద విద్వాంసులకు వర్షాశనములుండెను. మరికొందరికి మాన్యము లుండెను. ఇది గొప్ప యాదరణమే. కాని యిందొక లోపము కలదు. ప్రభువు రసికుడైన యిచ్చును, కాకున్న మానును. ప్రభువు పోయిన, వారసునకు సంగీతముపై మక్కువ లేకున్న, వర్షాశనము ఆగిపోవును. విద్వాంసుని కంఠము పోయిననాడు, చేయి వణకిననాడు, పిలుపే రాదు. ప్రక్కవాద్యము వాయించువారి స్థితి మరింత దీనము. గాయకునకు ముట్టునది యొకటి, ప్రక్కన కూర్చున్నవానికి ముట్టునది వేరొకటి. ఫిడేలు అప్పటికి ప్రక్కవాద్యముగానే ఎంచబడుచుండెను.

విజయనగర గానపాఠశాల

ఇట్టి కాలమున విజయనగర ప్రభువులు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919వ సంవత్సరమున ఒక గానపాఠశాలను స్థాపించిరి. తమ కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడై యుండుట చూచి, ఆ బాలునకు జీవనోపాయము కల్పింపవలెనన్న తలంపునుండి ఈ పాఠశాల పుట్టినదని విజయనగరమున ప్రసిద్ధి. ప్రభువుల చేతిలోనున్నది కొంచెము కాదు. ఆ యొక్క పిల్లవానికి వర్షాశనము వ్రాసియిచ్చి యూరకుండవచ్చును. అట్లుగాక ఊరి పిల్లలందరకు ఉపయోగించు విద్యాలయమునే కట్టిరి. ఒకనికి చేసిన దానము వానితో పోవును. నిలిచిన సంస్థ తరతరములకు అన్నము పెట్టును. ఆ పాఠశాల నేటికిని విజయనగరమున ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నిలిచియున్నది.

హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షులైరి. మన నాయుడుగారు విద్యార్థిగా చేరుదమని అచటికి వెళ్లిరనియు, వారి వాద్యము విన్న పెద్దలు వారిని విద్యార్థిగా గాక ఆచార్యునిగా నియమించిరనియు ప్రతీతి. అప్పటికి వారికి 26వ యేడు నడుచుచుండెను. బడినుండి నడుమనే మరలిన పిల్లవాడు బడిలో ఉపాధ్యాయుడయ్యెను!

ఈ నియామకము వలన గౌరవముతోపాటు నెలజీతము లభించినది. నేడు కచేరి లేకున్నను రేపు అన్నము కలదన్న ధైర్యము కలిగెను. అట్టి ధైర్యము కలవాడే గంటల తరబడి సాధన చేయగలడు. కొత్త త్రోవ త్రొక్కగలడు. నాయుడుగారు పాశ్చాత్య విద్వాంసుల ఫిడేలు వాదనము శ్రద్ధగా విని, కమాను నడపు తీరులో వారి మెలకువలను గ్రహించి, మన రాగముల కొదిగించిరి. గాయకుని వెనుక నడచు ఫిడేలును ముందునకు దెచ్చి, అదియొక్కటియే కచేరి నిండుగా నడపగలదని 1938లో వేలూరున చూపిరి. ప్రజలు వారిని ఫిడేలు నాయుడుగారని ప్రేమతో పిలువసాగిరి. రేపటి గ్రాసమునకై ఊరూరు తిరుగువానికి ఇంతటి సాధన సాధ్యమగునా? చదువరులే యోచింతురుగాక.

అధ్యక్షత, శిష్యులు

1936లో దాసుగారు విరమింపగా నాయుడుగారే పాఠశాలకు అధ్యక్షులైరి. వారి కాలముననే కృష్ణాజిల్లానుండి ఒక పేద బాలుడు సంగీతము నేర్చుకొనవలెనని విజయనగరము చేరెను. తండ్రి చిన్ననాడే గతించెను. చేతిలో డబ్బు లేదు. ఆ బాలుడే అనంతరకాలమున తెలుగువారి యింటింట వినబడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు వారిని చేరదీసి విద్య చెప్పిరి. ఆకటికి మాత్రము జోలె పట్టి యింటింటికి పోయి మధుకర మెత్తవలసివచ్చినది. కాదనక పిడికెడన్నము పెట్టిన ఆ పట్టణపు తల్లుల పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. వారు పెట్టకున్న ఆ కంఠము మనకు దక్కెడిది కాదేమో!

విద్య చెప్పుట యెంత ముఖ్యమో, విద్యార్థికి అన్నము పెట్టుట అంత ముఖ్యమని దీనివలన తెలియుచున్నది. సంస్థ ఒక వైపు, సంఘము మరియొక వైపు పట్టినగాని పల్లకి లేవదు.

గౌరవములు, పరోపకారము

నాయుడుగారికి 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదమునిచ్చిరి. 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణులనిరి. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీయును లభించినవి. ఈ గౌరవములన్నింటికంటె నాకు ముఖ్యముగా దోచున దొక్కటి కలదు. 1952లో ఢిల్లీ నగరమున అంధుల సహాయనిధికై వారు కచేరి చేసిరి. చూపు మందగించి బడి వీడిన నాటి బాలుడు, అన్న చేయి పట్టి నిలబడినవాడు, చూపు లేని పరులకై తన కమాను నెత్తెను. తాను పొందిన సాయమును మరువనివాని లక్షణ మిది.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. శతజయంతి వత్సరమైన 1993లో భారత ప్రభుత్వమువారు వారి చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించిరి.

మన కర్తవ్యము

ఇతర దేశములలోను ఈ చింత కలదు. లండను నగరమున 1738లో వాద్యకారులు తమలో దీనులైనవారికై యొక నిధి నేర్పరచుకొనిరి. సుప్రసిద్ధుడైన హాండెల్ అందు సభ్యుడై, మరణకాలమున వేయి పౌనులు దానికి వ్రాసి పోయెను. ఇటలీ దేశమున వెర్డీయను గేయనాటక కర్త ముదిమి మీరిన పేద సంగీతజ్ఞులకై మిలాను నగరమున నొక గృహము కట్టించెను. తాను జీవించియుండగా అందరు వచ్చి కృతజ్ఞతలు చెప్పుట యిష్టము లేక, తన యనంతరమే దానిని తెరువుడని నిర్ణయించెను. ఆయన 1901లో మరణింపగా 1902లో ఆ గృహము తెరువబడెను.

మన ప్రభుత్వములును కొంత చేయుచున్నవి. అరువదియేండ్లు నిండిన పేద కళాకారులకు నెలనెల భృతి యిచ్చు పథకము కేంద్రప్రభుత్వమున కలదు. మన రాష్ట్రమున డప్పు కళాకారులకిచ్చు పింఛను 2024లో నెలకు 4000 రూపాయలైనది. ఇవి మేలైన పనులే. కాని రోగము అరువదియేండ్లు నిండువరకు వేచియుండదు. సన్నాయి యూదువానికి పండ్లు కదలిన బ్రదుకే కదలును. కథకునకు గొంతు, నర్తకునకు మోకాలు, ఫిడేలు విద్వాంసునకు వ్రేలు - వీనిలో నొకటి చెడిన ఆ దినముననే సంపాదన ఆగును. పైగా ఇన్నేండ్లు కచేరీలు చేసితినని చూపుటకు వాని చేత కాగితము ముక్కయైన నుండదు.

కావున ఈ మహాసభకు విచ్చేసిన పోషకమహాశయులకు నా విన్నపము. ప్రతి సంవత్సరము సన్మానములకు వెచ్చించు ధనములో కొంత భాగము శాశ్వతనిధిగా బ్యాంకిలో నుంచి, దాని వడ్డీతో కళాకారుల వైద్యమునకు సాయపడుడు. ఏటికొకమారు వారి కన్నులు, గొంతు, కీళ్లు పరీక్ష చేయింపుడు. చదువుకొన్న మన యువకులు వారి యిండ్లకు పోయి, పాత కరపత్రములు, ఆహ్వానపత్రికలు సేకరించి, పింఛనుకు దరఖాస్తులు వ్రాసిపెట్టుదురుగాక. కచేరి ముగిసిన రాత్రియే వారి సొమ్ము వారి చేతిలో పెట్టుడు. పది దినములు త్రిప్పుకొనకుడు. ఇందు కులభేదము పాటింపకుడు. స్వరమునకు కులము లేదు, ఆకలికి అసలే లేదు.

అన్న యొకడు ఫిడేలిచ్చెను. ప్రభు వొకడు పాఠశాల కట్టెను. తల్లులు పిడికెడన్నము పెట్టిరి. ఈ మూటిలో నొకటియైన చేయలేనివాడు మనలో నుండడు. ఈ దిండి రేవున నేడు సన్నాయి యూదు పెద్దవానికి శాలువ కప్పుటకు ముందు, ఆయన కన్ను ఎట్లున్నదో, ఆయన యింట మందు ఉన్నదో లేదో ఒక్కమారు అడుగుదము. నాయుడుగారి స్మృతికి మనము చేయదగిన పూజ యిదియే.

శుభం భూయాత్.