గాజు పలకపై కొండలను, నదులను నిలిపిన రాజా దీన్‌దయాళ్

దిల్‌సుఖ్‌నగర్: దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంబర్‌పేట వెళ్లేవారు మూసారంబాగ్ వద్ద మూసీని దాటుతారు. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ వెళ్లేవారికి నాగోల్ దాటాక అదే నది ఎదురవుతుంది. వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు అది. మురుగు వాసనకు ముక్కు మూసుకుని వంతెన దాటే నేటి తరానికి ఆ మాట చెబితే నమ్మశక్యం కాదు. ఒక నది ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పడానికి పెద్దల జ్ఞాపకాలు కొంతవరకే పనికొస్తాయి. ఆపైన ఛాయాచిత్రాలే సాక్ష్యం. హైదరాబాద్ సంస్థానానికి అటువంటి సాక్ష్యాలను మిగిల్చి వెళ్లినవారిలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. ఎల్బీనగర్ అనే పేరే లేని కాలం అది.

ఆయన ఈ ప్రాంతంవారు కారు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్ ప్రజాపనుల శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. రాయి ఎంత, సున్నం ఎంత అని లెక్కగట్టే ఉద్యోగమది. కెమెరా చేతపట్టింది 1874లో, అంటే ముప్పయ్యవ ఏట. కొలతలకు అలవాటుపడిన ఆ కన్నే ఆయన చిత్రాల్లో కానవస్తుంది. కోట గోడ నిటారుగా నిలుస్తుంది, కట్టడానికీ దాని చుట్టూ ఉన్న నేలకూ గల పొందిక చెడదు.

మధ్య భారత ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటన సందర్భంగా దీన్‌దయాళ్ చిత్రాలు తీశారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ సంచరించడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. వింధ్య పర్వతాల్లో పుట్టి బండరాళ్ల నడుమ పారే బేత్వా నది ఒడ్డున ఓర్ఛా సమాధి మందిరాలు ఉన్నాయి. వాటితోపాటు ఖజురహో, గ్వాలియర్ కట్టడాలను ఆయన చిత్రించారు. 1886లో అవి గ్రంథరూపంలో వెలువడ్డాయి.

అప్పట్లో నదిని ఫొటో తీయడం నేటివలె మీట నొక్కడం కాదు. ఆయన కెమెరా పట్టిన రోజుల్లో వాడుకలో ఉన్నది తడి పలకల పద్ధతి. గాజు పలకకు జిగురు ద్రవం పూసి, వెండి లవణ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో రసాయనాలతో కడగాలి. పెట్టెడు గాజు పలకలు, సీసాలు, గుడారం బండ్లపైనో కూలీల తలలపైనో సాగాలి. ఎండాకాలంలో పలక నిమిషాల్లో ఆరిపోయేది. వెలుగు పలకపై పడటానికి కొన్ని క్షణాలు పట్టేది కనుక రాయి స్పష్టంగా పడేది, పారే నీరు మాత్రం పాలపొగలా పరుచుకునేది. పలకకు నీలివన్నె వెలుగే ఎక్కువగా తగిలేది. అందుచేత ఆకాశం తెల్లగా, చెట్లు నల్లగా వచ్చేవి. పాత చిత్రాల్లో నీరు మంచుముద్దలా కనిపించడానికి కారణం ఇదే. చాలామంది దాన్ని చిత్రకారుని చమత్కారమనుకుంటారు. 1880వ దశకంలో పొడి పలకలు అందుబాటులోకి వచ్చాక ఈ బాధ తగ్గింది.

1885లో వైస్రాయ్ ఛాయాచిత్రకారుడిగా నియమితులైన దీన్‌దయాళ్, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలోనూ చేరారు. మూసారంబాగ్ గుట్టపై ఆస్మాన్‌గఢ్ భవనం వెలసిన సంవత్సరం కూడా అదే. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆంగ్ల మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో పెట్టడం ఆనాటికి సాహసమే. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ బిరుదులిచ్చారు. 1896లో బొంబాయికీ వ్యాపారం విస్తరించింది. చార్మినార్, గోల్కొండ, ఫలక్‌నుమా, మూసీ గట్టుననున్న బ్రిటిష్ రెసిడెన్సీ ఆయన కెమెరాకు చిక్కాయి. దర్బారులు, వేటలు తీసిన చేయే ఔరంగాబాద్ ప్రాంతపు కరవు పనులనూ తీసింది.

1904లో కుమారుడు ధరంచంద్ మరణించారు. మరుసటి ఏడాది జులై 5న బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూశారు. మరో కుమారుడు జ్ఞాన్‌చంద్ వ్యాపారాన్ని కొనసాగించారు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద చిత్రాలను దీన్‌దయాళ్ తీసినవిగా కొందరు చెప్పుకుంటారు. అప్పటికి ఆయన గతించి మూడేళ్లు దాటింది. దాదాపు 15 వేల మందిని బలిగొన్న ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. వాటితో వరద భయం తగ్గింది. నగరంలోకి దిగే నీరూ తగ్గింది. దీన్‌దయాళ్ ఎరిగిన మూసీ ఆ కట్టలకు పూర్వపు మూసీ.

వారసుల వద్ద మిగిలిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది.