పాత పుస్తకాలు చూపిన మార్గం

లా స్కూలుకు వెళ్లేముందు కళాశాల మారి తత్త్వశాస్త్రం చదువుతానని మీ బిడ్డ అంటే ఉలికిపడకండి. ఈ దేశంలో న్యాయవిద్యకు ముందు ఫలానా శాస్త్రమే చదవాలన్న నియమం లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి విద్యార్థిదశను ఒక్కసారి స్మరించండి. ఆయన న్యాయవాది కాలేదు. కానీ కళాశాల మారారు, తత్త్వశాస్త్రం చదివారు.

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన వేలూరులోని వూర్హీస్ కళాశాలను వీడి మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. తత్త్వశాస్త్రాన్ని కోరి ఎంచుకున్నారనుకుంటారేమో! ఆ శాస్త్రంలో పట్టభద్రుడైన జ్ఞాతి సోదరుడు తన పాఠ్యగ్రంథాలను ఇచ్చాడు. కొనే ఖర్చు తప్పింది. లేమి చేసిన నిర్ణయమది.

అయితే అసలు పరీక్ష తరగతి గదిలో ఎదురైంది. మిషనరీ అధ్యాపకులు హైందవ చింతనలోని లోపాలను ఎత్తిచూపుతుంటే ఆ యువకుని విశ్వాసం కదిలింది. ఆయన అలిగి కళాశాల విడువలేదు, విన్నదాన్ని తలవంచి అంగీకరించనూ లేదు. మూలగ్రంథాలను ఆశ్రయించారు. వేదాంతంలో నీతికి తావు లేదన్న ఆక్షేపణకు సమాధానంగా ఎం.ఏ. పరిశోధన వ్యాసం రచించారు. విచిత్రమేమంటే, దానిని మెచ్చుకున్నవారు ఆ కళాశాల అధ్యాపకుడైన ఆల్ఫ్రెడ్ హాగ్ గారే! ప్రతిపక్షవాదాన్ని పూర్తిగా విని బదులు చెప్పే ఈ శిక్షణ న్యాయవాదికి మాత్రం అక్కరలేదా?

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. పిమ్మట మైసూరు, కలకత్తా. 1926లో అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభకై హార్వర్డ్‌కు వచ్చారు. అదే ఏడు షికాగో విశ్వవిద్యాలయంలో హాస్కెల్ ఉపన్యాసాలిచ్చారు. పుస్తకాలు కొనలేని ఆ విద్యార్థి ఇప్పుడు ఈ గడ్డపై ఆచార్యులకే పాఠం చెబుతున్నాడు.