విద్వాంసుడు, రాయబారి: డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా సాహెబ్

ఉర్దూ మీడియంలో వేస్తే పిల్లవాడు ముందుకు పోతాడా అని మన బీర్కూరులోనూ, బాన్సువాడలోనూ తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. దీనికి వాదన కంటే ఒక జీవితమే మంచి జవాబు. అది డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా సాహెబ్ గారి జీవితం.

వారు 1908లో హైదరాబాదు నగరంలో పుట్టారు. నవాయత్ వంశం. తాతముత్తాతల కాలం నుంచి అరబీ చదువుకు పేరుపడ్డ ఇల్లు. జామియా నిజామియాలో దీనీ చదువు చదివి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఎల్.ఎల్.బి. పూర్తిచేశారు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో అప్పట్లో లా, సైన్సు, వైద్యం అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. పాఠ్యపుస్తకాల కోసం నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖనే నడిపింది. ఉర్దూలో లా చదివిన ఆ యువకుడు జర్మనీలోని బాన్‌లో ఒకటి, పారిస్‌లోని సోర్బాన్‌లో ఒకటి, 1936 నాటికి రెండు డాక్టరేట్లు సంపాదించి ఉస్మానియాకు తిరిగివచ్చి అధ్యాపకులైనారు.

వారు ఎన్నుకున్న విషయం గమనించదగ్గది. ఒక రాజ్యం మరొక రాజ్యంతో యుద్ధంలోనూ, శాంతిలోనూ, తటస్థంగా ఉన్నప్పుడూ ఎట్లా మెలగాలని ఇస్లామీయ న్యాయం చెబుతుందో వారు పరిశోధించారు. ప్రవక్త మహమ్మద్ (స) వారు రోము చక్రవర్తికి, ఈరాను బాద్‌షాకు, ఈజిప్టు పాలకునికి పంపిన లేఖలు, తెగలతో చేసుకున్న ఒడంబడికలు, ఖలీఫాల కాలపు పత్రాలు ఏరి ఒకచోట చేర్చారు. ఆ అరబీ గ్రంథం 1941లో కైరోలో అచ్చయింది. మదీనా ఒడంబడికను ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగమని వారు వివరించారు.

పాత రాయబార పత్రాలు చదివిన ఆ పండితునికి 1948లో స్వయంగా రాయబారం మీద పోవలసి వచ్చింది. ఆ ఆగస్టులో నిజాం ప్రభుత్వం హైదరాబాదు వ్యవహారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి నివేదించింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వాన వెళ్ళిన ప్రతినిధి వర్గంలో హమీదుల్లా గారు కూడా ఉన్నారు. మండలి సెప్టెంబరు 16న పారిస్‌లో సమావేశమైంది. కాని 13వ తేదీనే భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది, 17న పోరు ముగిసింది. కొద్దిరోజుల్లోనే నిజాం ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు. రజాకార్ల రోజులూ, ఆ తరువాతి రోజులూ మన పల్లెల్లో అన్ని మతాల వారికీ కష్టకాలమే. ఆ మంచిచెడ్డలు చరిత్రకారులు తేలుస్తారు. ఇక్కడ చెప్పేది ఆ పండితుని సంగతి. నలభై ఏండ్ల వయసులో, పరాయి దేశంలో ఉండగానే, పంపిన ప్రభుత్వం లేకుండా పోయింది. రాయబారం పోయింది, ఉస్మానియా కొలువు పోయింది, సొంత ఊరికి దారీ మూసుకుపోయింది.

వారు మరొక దేశపు పౌరసత్వం తీసుకోలేదు. శరణార్థిగానే పారిస్‌లో ఉండిపోయారు. పెండ్లి చేసుకోలేదు. చేతిలో మిగిలింది చదువొక్కటే. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశారు. అబూ హురైరా (రజి) గారి శిష్యుడు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ వ్రాసిపెట్టిన హదీసుల సంపుటి ప్రతులను బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాల్లో కనిపెట్టి ప్రకటించారు. హదీసులు తొలి తరంలోనే వ్రాతలో ఉండేవనడానికి ఇది గట్టి ఆధారమైంది. 1959లో వారి ఫ్రెంచి ఖుర్ఆన్ అనువాదం వెలువడింది. ఇస్తాంబుల్‌లో ఏండ్ల తరబడి పాఠాలు చెప్పారు. 1980లో బహావల్పూర్‌లో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు ఉర్దూలోనే. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం బిరుదుతో ఇచ్చిన సొమ్మును ఇస్లామాబాద్ పరిశోధన సంస్థకే ఇచ్చేశారు. 2002 డిసెంబరు 17న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో కన్నుమూశారు.

పదవి ఆయనకు కొద్ది వారాలే ఉన్నది, విద్య యాభై నాలుగేండ్లు ప్రవాసంలో తోడున్నది. అయితే తల్లిదండ్రులు ఒకటి మరువరాదు. ఆయన ఉర్దూతో మొదలుపెట్టారే గాని ఉర్దూతో ఆగిపోలేదు. అరబీ, ఫార్సీ, ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, తుర్కీ ఒక్కొక్కటీ కష్టపడి నేర్చుకున్నారు. మన పిల్లలు ఉర్దూలో పునాది వేసుకొని, తెలుగు, ఇంగ్లీషు కూడా శ్రద్ధగా నేర్చుకోవాలె. బడి మాన్పించకుండా చదివించడం మన బాధ్యత. అల్లాహ్ ఆ మహనీయుని సేవను స్వీకరించుగాక, ఆమీన్.