నాదమును పెంచిన చేయి: ద్వారం వేంకటస్వామినాయుడు

సంగీతప్రియుడొకడు తన యింటికొఱకు ప్రత్యేకముగా నొక ధ్వనివర్ధకమును చేయించుకొనుచున్నాడనుకొందము. యాంప్లిఫైయరని లోకమున వాడుకలోనున్న ఆ పరికరము చేతికి వచ్చువఱకు అతడు దినములు లెక్కించుచునే యుండును. పెద్ద చప్పుడే కావలెనన్న అంగడిలో దొరకు సాధనమేదైనను చాలును. నాదము తన సహజరూపము చెడకుండ పెరిగి గదిలోని మూలమూలకు చేరవలెనని యతని కోరిక. విద్యుత్సాధనముతో పనిలేక, ఒక కమానుతోను నాలుగు తీగెలతోను ఇట్టి కోరికను తీర్చిన మహనీయుడొకడు ఉత్తరాంధ్రమున వెలసెను. శ్రీకూర్మమునుండి సింహాచలమువఱకు గల సీమకు గర్వకారణమైన ఆ వైణికసమానుడు, ఫిడేలు విద్వాంసుడు, ద్వారం వేంకటస్వామినాయుడు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది విశాఖపట్టణమున. బాల్యముననే ఆయనకు చూపు మందగించెను. నల్లబల్లపై అక్షరములు కనబడని పిల్లవానికి బడిచదువు సాగుటెట్లు? అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలునిచ్చి తామే గురువులైరి. కన్ను చేయలేని పనిని చెవి చేయవలసి వచ్చెను. స్వరము ఏపాటి తొలగినను పట్టుకొనగల శ్రవణశక్తి ఆయనకు సాధనచే అలవడెను.

1919లో విజయనగర సంస్థానాధీశులు తమ పట్టణమున సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. మైకు లేని కాలమున వేలజనము నడుమ నిలిచి కథ చెప్పిన కంఠము దాసుగారిది. అచట విద్యార్థిగా చేరగోరి నాయుడుగారు వచ్చిరి. వాద్యము విన్న పెద్దలు ఆయనను శిష్యులలో గాక అధ్యాపకులలో చేర్చుకొనిరి. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు. దాసుగారి తరువాత 1936లో ఆయనయే అధ్యక్షపీఠము నలంకరించిరి.

ఆ దినములలో ఫిడేలు గాయకుని వెంట నడచు నీడవంటిది. పాట ఆగిన చోట రెండు క్షణములు వినిపించి మరల వెనుకకు తగ్గుటయే దాని పని. ఆ వాద్యము ఒంటరిగా సభను నిలుపగలదా యను సందేహము సహజమే. నాయుడుగారు 1938లో వేలూరున ఫిడేలునే ప్రధానవాద్యముగా జేసి కచేరి చేసిరి.

ఇందలి కష్టమేమో యోచింపవలెను. తీగె తనంత తాను చేయు ధ్వని మిక్కిలి స్వల్పము. తీగెలను మోయు గుఱ్ఱము ఆ కంపనమును పైపలకకు చేర్చును. లోపల నిలిపిన చిన్న కొయ్య దానిని క్రిందిపలకకు అందించును. పెట్టెలోని గాలియు దానితో కూడి కదలును. ఐనను పెట్టె క్రొత్తగా శక్తి నీయజాలదు, శక్తియంతయు కమాను పట్టిన చేతినుండియే రావలెను. కమానును అదిమినచో నాదము గీరుకొనును. తేలికగా విడిచినచో కడపటి వరుసకు చేరదు. విద్యుత్ ధ్వనివర్ధకమునకును ఈ నియమమే. శక్తికి మించి పనిచేయించినచో తరంగముల శిఖరములు తెగి ధ్వని గరగరలాడును. నాయుడుగారి కమాను ఈ రెండు దోషముల నడుమ సన్నని దారిని నడచినది. గమకమెంత సూక్ష్మమైనను అది మాధుర్యము చెడకుండ శ్రోతను చేరెను.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చెను. 1952లో విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట ఆయన వాద్యమును విని ముగ్ధుడయ్యెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1964 నవంబరు 25న నాయుడుగారు దివంగతులైరి.

ఆయన నాదము గ్రామఫోను రికార్డులలో నిలిచియున్నది. కోరి చేయించుకొన్న ధ్వనివర్ధకము ఇల్లు చేరిననాడు రసికుడు ఆ రికార్డునొకదానిని పెట్టి వినుట మంచి పరీక్ష. యంత్రము ఉన్నదానినే పెంచును, లేనిదానిని కల్పింపజాలదు. నల్లబల్ల కనబడని పిల్లవాడు దశాబ్దములు సాధనచేసి తీగెపై నిలిపిన సౌష్ఠవమే నేడు ఆ యంత్రమునుండి వెలువడును. తరగతిలో వెనుకబడిన బాలుని ఏ శక్తి ఎచట దాగియున్నదో వెదకి, వానికి తగిన సాధనమును చేతికిచ్చిన అన్నగారి ఔదార్యముకూడ ఆ నాదములో వినిపించును. ఉపాధ్యాయులు మరువరానిదది.