విలియం స్మిత్ (భూగర్భ శాస్త్రవేత్త)

విలియం స్మిత్ (1769 మార్చి 23 – 1839 ఆగష్టు 28) ఇంగ్లండుకు చెందిన సర్వేయరు, భూగర్భ శాస్త్రవేత్త. ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలకూ స్కాట్లండులో కొంత భాగానికీ తొలి వివరమైన భూగర్భ పటాన్ని 1815లో ప్రచురించాడు. రాతిపొరలలో దొరికే శిలాజాలను బట్టి ఆ పొర ఏదో, వరుసలో దాని స్థానం ఎక్కడో గుర్తించే పద్ధతిని రూపొందించాడు. ఇతడు విశ్వవిద్యాలయంలో చదువలేదు. 18వ యేట ఒక సర్వేయరు వద్ద సహాయకుడుగా చేరి, ఆ వృత్తి నేర్పిన పరిశీలనా దృష్టితోనే ఒక కొత్త శాస్త్రానికి పునాదులు వేశాడు. తన శ్రమకు తగిన గుర్తింపు పొందటానికి మాత్రం వృద్ధాప్యం వరకు వేచియుండవలసి వచ్చింది.

బాల్యం

స్మిత్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ స్మిత్ ఆ ఊరి కమ్మరి. విలియంకు ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. అప్పటినుండి దగ్గరలోని ఓవర్ నార్టన్‌లో వ్యవసాయం చేసుకొనే పినతండ్రి సంరక్షణలో పెరిగాడు. ఊరి బడిలో నేర్పే కొద్దిపాటి చదువే ఇతడికి లభించిన పాఠశాల విద్య. క్షేత్రగణితాన్ని చాలావరకు పుస్తకాలు చూసి స్వయంగా నేర్చుకొన్నాడు.

చర్చిల్ పరిసరాల పొలాలలో శిలాజాలు విరివిగా దొరికేవి. గుండ్రని చిన్న గవ్వల వంటి శిలాజాలతో అక్కడి పిల్లలు గోళీలాడుకొనేవారు. సముద్రపు అర్చిన్ల శిలాజాలు కొన్ని ఇంచుమించు ఒకే బరువుతో ఉండటం వలన పాలు, వెన్న చూసుకొనే స్త్రీలు వాటిని తూకపు రాళ్ళుగా వాడేవారు. స్మిత్‌కు ఇటువంటి రాళ్ళను ఏరి దాచుకొనే అలవాటు బాల్యంలోనే ఏర్పడింది. ఆటవస్తువులుగా చూసిన వీటి విలువ అతడికి తెలియటానికి మరి ఇరవై ఏళ్ళు పట్టింది.

సర్వే వృత్తిలో శిష్యరికం

18వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఇంగ్లండులో సర్వేయర్లకు గిరాకీ పెరిగింది. ఇందుకు రెండు ప్రధాన కారణాలున్నాయి. గ్రామాల ఉమ్మడి పొలాలను, బీళ్ళను కొలిచి, విడగొట్టి, కంచెలు వేసి వేరువేరు యజమానులకు అప్పగించే కార్యక్రమం పార్లమెంటు చట్టాల ద్వారా జరుగుతూ ఉండేది. మరొకవైపు బొగ్గు రవాణా కోసం పడవల కాలువలు త్రవ్వుతున్నారు. ఈ రెండింటికీ భూమిని కొలవటం, ఎత్తుపల్లాలు లెక్కించటం, పటం గీయటం తెలిసినవారు కావాలి. ఈ పని ప్రధానంగా అనుభవజ్ఞుడైన సర్వేయరు వెంట తిరిగి నేర్చుకొనే విద్యగా ఉండేది.

1787లో చర్చిల్ గ్రామ భూముల సర్వే కోసం స్టో-ఆన్-ది-వోల్డ్ పట్టణానికి చెందిన ఎడ్వర్డ్ వెబ్ అనే సర్వేయరు వచ్చాడు. చురుకైన స్మిత్‌ను తన సహాయకుడుగా తీసుకొన్నాడు. స్మిత్ వెబ్ ఇంటిలోనే ఉంటూ పని నేర్చుకొన్నాడు.

ఆ కాలపు సర్వేయరుకు ముఖ్యమైన సాధనం గంటర్ గొలుసు. దీని పొడవు 66 అడుగులు, ఇందులో 100 లింకులు ఉంటాయి. పొడవు, వెడల్పులను గొలుసులలో కొలిచి హెచ్చిస్తే వచ్చే పది చదరపు గొలుసులు సరిగా ఒక ఎకరానికి సమానం. గొలుసు లాగటం, కోణాలు కొలవటం, మట్టం చూడటం, క్షేత్ర పుస్తకంలో కొలతలు వ్రాసుకోవటం, సాయంత్రం వాటిని పటంగా గీయటం, వైశాల్యం కట్టటం, చివరకు భూమి విలువ నిర్ణయించటం - శిష్యుడు ఈ క్రమంలో వృత్తి రహస్యాలు గ్రహించేవాడు. విలువ కట్టాలంటే నేల స్వభావం తెలియాలి. అందువలన సర్వేయరు మట్టి రంగును, బిగువును, నీరు నిలిచే గుణాన్ని గమనించక తప్పదు. వెబ్ పనుల మీద ఆక్స్‌ఫర్డ్‌షైర్, గ్లాస్టర్‌షైర్, వార్విక్‌షైర్ ప్రాంతాలలో తిరుగుతున్నపుడు ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు పోయేసరికి నేల మారే తీరును స్మిత్ గుర్తుంచుకొంటూ వచ్చాడు.

సోమర్సెట్ గనులు, కాలువ

1791లో వెబ్ తరఫున ఒక ఎస్టేటు సర్వే కోసం స్మిత్ సోమర్సెట్ ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ హై లిటిల్టన్ వద్ద రగ్బోర్న్ అనే వ్యవసాయ క్షేత్రంలోని ఇంటిలో నివాసం ఏర్పరచుకొని, సొంతంగా పనులు చేపట్టసాగాడు. ఆ ప్రాంతమంతా బొగ్గు గనులు. గనుల సర్వే కోసం బావులలోకి దిగినపుడు రాతిపొరలు ఒకదానిపై ఒకటి ప్రతిచోటా ఒకే వరుసలో ఉండటం చూశాడు. గని కార్మికులకు తమ గని వరకు ఈ సంగతి తెలుసు. కాని గని బయట, కొండలపై కనిపించే రాళ్ళకు కూడా ఇటువంటి క్రమం ఉండవచ్చునని స్మిత్ ఊహించాడు.

ఈ ఊహను పరీక్షించే అవకాశం కాలువ రూపంలో వచ్చింది. సోమర్సెట్ బొగ్గును తరలించటానికి తలపెట్టిన కాలువ మార్గాన్ని స్మిత్ 1793లో సర్వే చేశాడు. 1794లో పార్లమెంటు అనుమతి లభించింది. అదే సంవత్సరం ఇతర కాలువలను, గనులను చూచి రావటానికి కంపెనీ కమిటీ సభ్యులు ఇద్దరితో కలిసి ఉత్తరాన న్యూకాజిల్ వరకు సుమారు 900 మైళ్ళు ప్రయాణించాడు. దారి పొడవునా కొండల ఆకారాలను, నేల రంగులను గమనించి, తాను సోమర్సెట్‌లో చూసిన వరుస దేశంలో దూరప్రాంతాలకు కూడా సాగుతున్నదని నమ్మకం కుదుర్చుకొన్నాడు.

కాలువ త్రవ్వకం ఆరంభమైన తరువాత భూమి నిలువుగా కోసి చూపినట్లు అతడి కళ్ళముందు తెరుచుకొంది. పొరలన్నీ సమతలంగా కాక తూర్పు వైపుకు కొద్దిగా వాలి, ఒకదానిపై ఒకటి పేర్చిన రొట్టెముక్కల వలె ఉన్నాయని గ్రహించాడు.

శిలాజాల ప్రాముఖ్యం

వరుస తెలిసినా ఒక చిక్కు మిగిలింది. వేరువేరు కాలాలకు చెందిన రెండు బంకమట్టి పొరలు, లేదా రెండు సున్నపురాతి పొరలు చూడటానికి ఒకే విధంగా ఉంటాయి. విడిగా ఒక పొర మాత్రమే బయటపడినచోట అది ఏదో చెప్పటం కష్టం. దీనికి సమాధానం స్మిత్‌కు చిన్ననాటి రాళ్ళలో దొరికింది. రాయి రూపం ఒకటే అయినా, ఒక్కొక్క పొరలో దానికే ప్రత్యేకమైన శిలాజాలు ఉంటున్నాయి. ఆ శిలాజాల సముదాయాన్ని బట్టి పొరను నిశ్చయంగా గుర్తించవచ్చు. 1796 జనవరి నాటికే ఈ సంగతిని అతడు తన కాగితాలలో వ్రాసుకొన్నాడు. ఈ సూత్రం తరువాత శిలాజ అనుక్రమ సూత్రంగా ప్రసిద్ధి చెందింది. జీవపరిణామ సిద్ధాంతంపై డార్విన్ గ్రంథం వెలువడటానికి (1859) ఇది ఆరు దశాబ్దాల ముందటి మాట. శిలాజాలు ఎందుకు మారుతున్నాయో స్మిత్ వివరించలేదు. మారే క్రమాన్ని మాత్రం స్పష్టంగా పట్టుకొన్నాడు.

1799లో కాలువ కంపెనీతో ఉద్యోగం ముగిసింది. అదే సంవత్సరం బాత్ నగరంలో మతాచార్యులు, శిలాజ సేకర్తలు అయిన బెంజమిన్ రిచర్డ్‌సన్, జోసెఫ్ టౌన్సెండ్‌లతో స్మిత్‌కు స్నేహం కలిగింది. రిచర్డ్‌సన్ సేకరించిన శిలాజాలు ఏయే పొరలకు చెందినవో స్మిత్ వరుసగా చెప్పటం వారిని ఆశ్చర్యపరచింది. సుద్దరాయి మొదలు బొగ్గు వరకు 23 పొరల పట్టికను స్మిత్ చెబుతుండగా వారు వ్రాసుకొన్నారు. దీని వ్రాతప్రతులు చేతులు మారి చాలా దూరం వ్యాపించాయి. అచ్చు కాకపోవటం వలన జ్ఞానం వ్యాపించినంతగా కర్త పేరు వ్యాపించలేదు.

1815 నాటి పటం

ఉద్యోగం పోయిన తరువాత స్మిత్ పొలాలలో మురుగునీరు పోయే ఏర్పాట్లు, నీటిపారుదల పనులలో సలహాదారుగా జీవించాడు. బెడ్‌ఫర్డ్ డ్యూక్, హోల్కమ్‌కు చెందిన థామస్ కోక్ వంటి భూస్వాములు ఇతడికి పని ఇచ్చారు. నీటి పచ్చికబీళ్ళపై ఇతడు వ్రాసిన పుస్తకం 1806లో వెలువడింది. ఈ పనుల కోసం ఏటా వేల మైళ్ళు తిరుగుతూ, వెళ్ళిన ప్రతిచోటా రాతిపొరల వివరాలు సేకరించాడు. సంపాదన చాలావరకు ఈ ప్రయాణాలకే ఖర్చయ్యేది.

1801లో ఇంగ్లండు, వేల్స్‌ల చిన్న భూగర్భ పటాన్ని తయారుచేశాడు. పెద్ద పటం ప్రచురణకు మరి 14 సంవత్సరాలు పట్టింది. రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ దీనికి ప్రోత్సాహమిచ్చాడు. లండనులోని జాన్ కేరీ ప్రచురించాడు. 1815లో వెలువడిన ఈ పటం 15 భాగాలుగా ఉండి, అంగుళానికి 5 మైళ్ళ కొలబద్దతో, కలిపితే ఎనిమిది అడుగులకు మించిన ఎత్తు కలిగి ఉంటుంది. రంగులు చేతితో వేసినవి. ప్రతి పొర అడుగు అంచు వద్ద రంగును చిక్కగా వేసి, పైకి పోనుపోను పలుచన చేయటం వలన ఏ పొర దేనిపై ఉన్నదో చూడగానే తెలుస్తుంది. సుమారు 400 ప్రతులు తయారయ్యాయి. 1816 నుండి శిలాజాల చిత్రాలతో మరొక గ్రంథాన్ని భాగాలుగా వెలువరించాడు.

అప్పులు, చెరసాల

పటం ప్రచురణతో స్మిత్ కష్టాలు తీరలేదు. బాత్ సమీపంలో కొన్న ఆస్తిపై తీసుకొన్న అప్పు, అక్కడ ఆరంభించిన రాతి గని వ్యాపారం నష్టపోవటం, భార్య అనారోగ్యం అతడిని క్రుంగదీశాయి. జీవితకాలమంతా సేకరించిన శిలాజాలను బ్రిటిష్ మ్యూజియానికి అమ్మవలసి వచ్చింది. ఆ సొమ్ము కూడా చాలలేదు. 1819 జూన్‌లో అప్పు తీర్చలేక లండనులోని కింగ్స్ బెంచ్ చెరసాలకు వెళ్ళి, ఆగష్టు చివరలో విడుదలయ్యాడు. అప్పటికే ఇల్లు, సామాను చేజారాయి. 50 ఏళ్ళ వయసులో లండను విడిచి ఉత్తరానికి వెళ్ళిపోయాడు.

మరొకవైపు 1807లో స్థాపితమైన లండన్ జియొలాజికల్ సొసైటీ, తన తొలి అధ్యక్షుడు జార్జ్ గ్రీనో ఆధ్వర్యంలో వేరొక భూగర్భ పటాన్ని సిద్ధం చేసింది. ఇది 1820లో వెలువడింది. సంపన్నులు, విద్యావంతులతో నిండిన ఆ సంఘంలో కమ్మరి కొడుకైన స్మిత్‌కు సభ్యత్వం లేదు. గ్రీనో పటానికి స్మిత్ పటమే ఆధారమని 1865 నాటి ముద్రణ శీర్షికలోనే పేర్కొన్నారు. అప్పటికి ఇద్దరూ జీవించిలేరు.

ఉత్తర ఇంగ్లండులో జీవితం

తరువాతి సంవత్సరాలలో స్మిత్ యార్క్‌షైర్ ప్రాంతంలో ఊరూరా తిరుగుతూ సర్వే పనులు చేశాడు. ఈ కాలంలో అతడికి తోడుగా ఉన్నవాడు మేనల్లుడు జాన్ ఫిలిప్స్ (1800–1874). తల్లిదండ్రులను కోల్పోయిన ఫిలిప్స్ 1815లో మేనమామ వద్దకు చేరాడు. శిలాజాలను వర్గీకరించటం, సర్వే చేయటం, పటాలు గీయటం అతడి వద్దనే నేర్చుకొన్నాడు. వెబ్ వద్ద స్మిత్ ఏ విధంగా విద్య నేర్చాడో, స్మిత్ వద్ద ఫిలిప్స్ అదే విధంగా నేర్చాడు. ఫిలిప్స్ తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడయ్యాడు.

1828 నుండి 1834 వరకు స్మిత్ హాక్‌నెస్‌లో సర్ జాన్ జాన్‌స్టోన్ ఎస్టేటుకు నిర్వాహకుడుగా పనిచేశాడు. సమీపంలోని స్కార్బరోలో 1829లో కట్టిన గుండ్రని మ్యూజియం భవనానికి ఇతడి సూచనలే ఆధారం. శిలాజాలను అక్కడ పొరల వరుసలోనే అమర్చారు.

గుర్తింపు, మరణం

1831లో జియొలాజికల్ సొసైటీ తన మొట్టమొదటి వొలాస్టన్ పతకాన్ని స్మిత్‌కు ప్రకటించింది. అధ్యక్షుడు ఆడమ్ సెడ్జ్‌విక్ ఇతడిని ఇంగ్లండు భూగర్భ శాస్త్రానికి పితామహుడుగా కీర్తించాడు. 1832లో ప్రభుత్వం ఏడాదికి 100 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. 1835లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1834లో కాలిపోయిన పార్లమెంటు భవనం స్థానంలో కొత్త భవనానికి తగిన రాయిని ఎంపిక చేయటానికి 1838లో నియమించిన బృందంలో స్మిత్ ఒక సభ్యుడు.

1839 ఆగష్టులో బర్మింగ్‌హాంలో జరిగే బ్రిటిష్ అసోసియేషన్ సమావేశానికి వెళ్తూ నార్తాంప్టన్‌లో జబ్బుపడి మరణించాడు. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి వద్ద ఖననం చేశారు. ఫిలిప్స్ 1844లో మేనమామ జీవితచరిత్రను ప్రచురించాడు.

ప్రభావం

బొగ్గు కోసం ఎక్కడ త్రవ్వాలో, ఎక్కడ త్రవ్వటం దండగో నిర్ణయించటానికి స్మిత్ పద్ధతి మార్గం చూపింది. భూగర్భ కాలమానం నిర్మాణానికి కూడా ఇదే ఆధారం. 1841లో ఫిలిప్స్ శిలాజాల ఆధారంగానే భూమి చరిత్రను మూడు మహాయుగాలుగా విభజించాడు. డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఫిలిప్స్ తరువాత ఆచార్య పదవి చేపట్టిన థామస్ ఓల్డ్‌హాం 1851లో భారతదేశానికి వచ్చి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు సారథ్యం వహించాడు. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1870ల తొలినాళ్ళలో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. అదే తరువాత సింగరేణి గనులకు మూలమయింది. గోదావరి లోయలోని బొగ్గు పొరల వయసును గ్లాసోప్టెరిస్ వంటి మొక్కల శిలాజాలను బట్టి గుర్తించటం స్మిత్ చూపిన పద్ధతికి మనకు దగ్గరలోని ఉదాహరణ.